నీకేమైతడు?

మండలాఫీసు గోడను ఆనుకొనే నా జిరాక్స్ దుకాణం. జిరాక్స్ పేరుకే, నా అసలు పని అర్జీలు రాసుడు. పింఛను ఆగిందని, పాసుబుక్కుల పేరు తప్పు పడ్డదని, రేషన్ కార్డుల కోడలును ఎక్కియ్యాలెనని వచ్చేటోళ్లకు నేనే రాసిస్త. ఇంటర్ దాంక చదివిన. నా రాత గుండ్రంగ ఉంటది, ఆఫీసుల సార్లు కూడ మెచ్చుకుంటరు. రాసినంక నాకొక పద్ధతి ఉండె. సంతకమో వేలిముద్రో పెట్టే ముందు మొత్తం గట్టిగ చదివి వినిపిస్త. మా బాపుకు చదువు రాదు. ఎవడో రాసుకొచ్చిన కాయితం మీద ఏముందో తెల్వకుంట ముద్రేసి, బతికినన్ని రోజులు నెత్తి కొట్టుకున్నడు. అందుకే నా తాన వినకుంట ఎవ్వరూ సంతకం పెట్టద్దనుకున్న. ఈ పద్ధతి మీద నాకు మస్తు గర్వముండె. ఇప్పుడు లేదు.

ఆ మనిషి ఎండకాలం మొదట్ల మా దిక్కు వచ్చిండు. నా పక్క మడిగెల బొంగులూరు కాడ ప్లాట్లు అమ్మేటోళ్ల ఆఫీసుండె. గిరాకి లేక షట్టరేసుకొని పోయిన్రు, నల్ల గ్రానైటు మెట్లు మిగిలినయి. ఆ మెట్ల మీద పండుకున్నడు. నలభై, నలభై ఐదేండ్లుంటయేమో. బక్కగ, పొడుగ్గ. చెంపకు తువ్వాల గట్టిగ బిగిచ్చి కట్టుకున్నడు. పంటినొప్పి గావచ్చు అనుకున్న. మూడో రోజు గాలి నా దుకాణం దిక్కు మళ్లింది, అప్పుడు తెలిసింది. తువ్వాల కింద చెంప సగం లేదు. గుట్కా నమిలి నమిలి తెచ్చుకున్న క్యాన్సరు, లోపలికెల్లి తినుకుంట బయటికొచ్చింది. ఆ వాసన గురించి ఎక్కువ రాయ. దుకాణంల పొద్దంత ఊదుబత్తీలు ఎలిగిచ్చుడు ఆ రోజే మొదలుపెట్టిన.

నేనేం పుణ్యాత్మురాలిని గాదు, ఉన్నదున్నట్టు చెప్త. నాకు కోపమొచ్చింది. అర్జీ రాపిచ్చుకునేటందుకు వచ్చినోళ్లు ముక్కు మూసుకొని అవుతలి దుకాణానికి పోతుంటే కడుపు మండింది. మా ఆయన ఆటో నడుపుతడు. పొద్దుగాల్నే ఆ మనిషిని ఎక్కిచ్చుకొని బస్టాండు అవుతల దించిరమ్మని చెప్పిన. ఆయన విననట్టే చేసిండు. నీళ్లయితే ఇచ్చిన, కని సీసా మెట్టు చివర పెట్టి ఎనుకకు జరిగిన. మీవాళ్లు ఎవరన్న ఉన్నరా అని దూరంకెల్లే అడిగిన. ఆయన చెయ్యి లేపి గాలిల ఇటునుంచి అటు తుడిచిండు, పలక మీద రాసింది తుడిచినట్టు. నాలిక తిరగది, మాట రాదు. ఎవ్వరూ లేరన్నట్టు అని నాకు సమజయింది.

గప్పుడే ఆమె వచ్చింది. గుంటూరు దిక్కామె, ఏండ్ల కింద ఈడికొచ్చి మన్నెగూడల ఒక్క అర్ర కిరాయికి తీసుకొని జాకెట్లు కుడుతది. యాభై దాటినయి, భర్త లేడు, పిల్లలు లేరు. అక్కడనే రేకుల షెడ్డుల ప్రార్థనకు పోతది. ఆధార్ జిరాక్స్ కోసం నా కాడికి వచ్చి, కాయితాలు చేతుల పట్టుకొని అట్లనే మెట్ల దిక్కు చూసుకుంట నిలబడ్డది. చిల్లర తీసుకోకుంటనే ఆయన తానకు పోయింది. పోయి పక్కన కూసున్నది. మెట్టు మీద, ఆ వాసనల, కొంగు కూడ అడ్డం పెట్టుకోకుంట.

తెల్లారి మళ్లొచ్చింది. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది గదా, అంటే రోజూ రావచ్చనుకున్నది గావచ్చు, రోజూ వచ్చింది. స్టీలు డబ్బాల రాగిజావ, పల్చగ వడగట్టింది. వేడినీళ్లు, పాత నూలు చీరె చింపిన గుడ్డలు. తువ్వాల విప్పి పుండు కడిగేది. అందులకెల్లి పురుగులు తీసుడు నా కండ్లతోటి చూసిన. ఆ రోజు నేను అన్నం తినలేదు, ఆమె మాత్రం చేతులు కడుక్కొని నా దుకాణం ముందర కూసొని తన డబ్బా తిన్నది. ఆయనకు జావ పట్టేటందుకు గంట పట్టేది. నోరు పెద్దగ తెరవరాదు. చెంచా కొసతోటి కొంచెం కొంచెం, మెడ ఒక పక్కకు వంచి పోసేది. సగం చెంప రంధ్రంలకెల్లి కారిపోయేది. ఆమె తుడిచి మళ్ల పోసేది.

నాకు అనుమానమే. నా నోరు ఊకుంటదా? ఈయనను మీ మతంల కలుపుకుంటే మీకేమొస్తదక్కా, నాలుగు రోజుల మనిషి అని అన్న. ఆమె నవ్వింది. ఏమీ రాదండి అన్నది. ప్రార్థనయితే చేసేది, ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని, మెల్లగ. ఆయనకు పుస్తకాలు ఇచ్చుడు గాని, బోధ చేసుడు గాని నేను చూడలేదు. నాక్కూడ చెయ్యలేదు. చేస్తే నాలుగు తిట్లు తిడదామని నేను తయారుగనే ఉంటి.

ఆమెకు అందరూ బ్రదర్లే. బస్సు కండక్టరు బ్రదర్, ఛాయ హోటలాయన బ్రదర్, మా ఆయన బ్రదర్. నేను సిస్టర్. ఆ మనిషిని కూడ మొదటి రోజుకెల్లి బ్రదర్ అనే పిలిచింది. వారం దినాలకు ఆయన ఆమెను "అక్క" అన్నడు. నేను విన్న. ఆయన నోట్లకెల్లి సక్కగ వచ్చిన మాట గదొక్కటే. అక్క అనేటందుకు పెదవులు కలపనక్కరలేదు, నాలిక కొస తిప్పనక్కరలేదు, గొంతుల్నే అయిపోతది. ఇంటికి పోయి నేను ఒకటికి రెండుసార్లు అని చూసుకున్న. నిజమే, గొంతుల్నే అయిపోతది.

ఇక్కడి సర్కారు దవాఖానల చూపిస్తే పట్నం పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నరు. మా ఆయన ఆటోల పోయినం, ఆ మనిషి, ఆమె, నేను. నేనెందుకు పోయిన అంటే, ఫారాలు నింపుడు నాకు వస్తది గదా అని. ఆమె బతిమిలాడింది, నేను జర మురిసిన, అంతే. ఆడ కిటికీ కాడ ఒకాయన, పేషెంటు తోటి ఎవరున్నరు అని అడిగిండు. ఎవ్వరూ లేనోడైతే పోలీసుల చిట్టీ కావాలె, అదొచ్చేదాంక ఆగాలె అన్నడు. మనుషులుంటే ఇప్పుడే చేర్చుకుంటరట. ఫారం నా చేతికొచ్చింది. పేరు, వయసు, రోగికి మీకు సంబంధం.

"నీకేమైతడు?" అని ఆమెను అడిగిన.

"బ్రదరేనండి," అన్నది.

ఆమె ఏ బ్రదర్ అంటున్నదో నాకు తెల్వదా? కండక్టరు ఎసొంటి బ్రదరో ఈయన గసొంటి బ్రదరే. ఆమె మనసుల కల్మషం లేదు, ఆమెకు వేరే జవాబు తెల్వది. తెలివి చూపించింది నేను. నా గుండ్రటి రాతల "తమ్ముడు" అని రాసిన. స్ట్రెచర్ మీదికెల్లి ఆయన కూడ "అక్క" అన్నడు, నర్సు విని తల ఊపింది. అరగంటల మంచం దొరికింది. వచ్చేటప్పుడు ఆటోల మా ఆయనతోటి నా హుషారు గురించి ఆదిబట్ల దాంక చెప్పుకుంటనే ఉన్న.

ఆమె తొమ్మిది రోజులు ఆడనే ఉన్నది, మంచం కింద చాప ఏసుకొని. పెండ్లి జాకెట్లు ఆగిపోయినయని ఒకటే ఫోన్లు. పదో రోజు డాక్టరు పక్కకు పిలిచి చెప్పిండట, మెడలకు పాకింది, ఊపిరితిత్తులకు పాకింది, కోసేటందుకు ఏం లేదు, ఇంటికి తీస్కపోయి నొప్పి మందు పొయ్యిండ్రి అని. ఇంటికి అన్నడు. అక్కయివి గదా, ఇంటికి తీస్కపో అన్నట్టు.

ఏ ఇంటికి? ఆమె కిరాయింటి ఓనరు గేటు కాడనే ఆపిండు. ప్రార్థన షెడ్డుల రెండు రోజులు ఉంచిన్రు, కని ఆడికి పసిపిల్లల తల్లులొస్తరు, వాసనకు వాంతులు చేసుకున్నరు. పాస్టరు ఏడ్చుకుంటనే ఇంక నా వల్ల గాదన్నడట. మా ఇంటి ముందర వరండా ఉంది. పాత సైకిలు తప్ప ఏం లేదు అందుల. ఆ ముచ్చట నన్ను ఎవ్వరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన మళ్లా నా పక్క గ్రానైటు మెట్ల మీదికే వచ్చిండు.

సచ్చేటోళ్లను ఉంచుకొని సూసుకునే ఆశ్రమం ఒకటి ఉన్నదని ప్రార్థనోళ్లు చెప్పిన్రు. క్రైస్తవులే నడుపుతరు. శుభ్రమైన మంచం, నొప్పికి సూది, ఫ్యాను. ఆమెకు ఇగ అదే ధ్యాస. రోడ్డు మీద పోవద్దండి, మనిషి మంచం మీద పోవాలి, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఉండగా పోవాలి అని రోజుకు నాలుగుసార్లు అనేది. ఆయనకు కూడ చెప్పింది. ఆయన కండ్లల్ల ఎన్నడూ చూడని ఒక మెరుపు చూసిన, ఫ్యాను అన్న మాట కాడ.

సోమవారం పోయి అడిగినం. ఆడ కూసున్న పెద్దామె మంచిదే, గదే మరి బాధ. దవాఖాన కాయితం చదివింది. "అక్క ఉంది కదమ్మా," అన్నది. ప్రభువులో బ్రదరండి, రక్తసంబంధం కాదండి అని ఈమె చెప్పింది. ఆ పెద్దామె నమ్మినట్టే ఉంది, కని తల అడ్డంగ ఊపింది. మాది ఎవ్వరూ లేనోళ్లకేనట. కన్న తండ్రిని తీసుకొచ్చి రోడ్డు మీద దొరికిండని చెప్పినోళ్లు ఉన్నరట, ఉన్న మంచాలు అసలు దిక్కులేనోళ్లకే చాలవట. తోబుట్టువును కానని రాసిచ్చి, పోలీస్ స్టేషన్ల ముద్ర ఏపిచ్చుకొని తెండ్రి, ఒక మంచం శుక్రవారం దాంక ఆపుత అన్నది.

రాసుడంటే నా పనే గదా. మంగళవారం దుకాణం తెరవంగనే రాసిన. దవాఖాన కాయితంల పొరపాటున తమ్ముడని రాయబడినది. ఇతను నాకు తమ్ముడు కాడు. ఇతనికీ నాకూ ఎటువంటి సంబంధమూ లేదు. ఇతను నాకు ఏమీ కాడు. ఇతని మంచిచెడ్డలతో నాకు నిమిత్తం లేదు. ఈ ఆఖరి ముక్క ఎవ్వరూ అడగలేదు. కాయితానికి జర బరువుంటదని నేనే చేర్చిన.

ఆమె మనసులనే చదువుకొని కాయితం టేబుల్ మీద పెట్టింది.

"ఈ మాట మీద ఎలా సంతకం పెట్టనండి," అన్నది. "తమ్ముడు కాదంటే సరే. ఏమీ కాడని ఎలా అంటానండి."

నాకు తిక్క లేసింది. ఏం కాడంటేనే గదా మంచం ఇచ్చేది, నీ దేవుడు కాయితాలు చదువుకుంట కూసోడు, మనిషి కుళ్లిపోతుండు మాటల కాడ ఏం పట్టింపు అని గట్టిగనే అరిచిన. ఆమె లేచి మెట్ల కాడికి పోయింది. జావ పట్టి, పుండు కడిగి, బస్సెక్కి పోయింది. బుధవారం కూడ అదే కథ. ఆ రెండు దినాలు నేను ఆమెను తిట్టని తిట్టు లేదు, మనసుల కొన్ని, పైకి కొన్ని. ఇప్పుడనుకుంట, ఆ కాయితంల ఆ ఒక్క మాట మార్చి రాస్తే పోయేది. రక్తసంబంధం లేదని రాస్తే సాలు, ఆశ్రమమోళ్లకు అంతకంటె ఎక్కువ అక్కరలేదు. నాకు తోచలేదు. నా రాత మీద నాకు అంత నమ్మకం.

గురువారం పొద్దుగాల వచ్చింది. కండ్లు ఉబ్బి ఉన్నయి, నిద్రపోయినట్టు లేదు. ఇవ్వండి సిస్టర్, పెడతాను అన్నది. పెన్ను చేతికిచ్చిన. ఇచ్చి, అలవాటు కొద్ది, కాయితం నా చేతులకు తీసుకొని చదువుడు మొదలుపెట్టిన. నా తానకొచ్చేటోళ్లల్ల సగంమంది చెవులు సరిగ వినబడని ముసలోళ్లు. నాకు మెల్లగ చదువుడు రాదు.

ఇతను నాకు తమ్ముడు కాడు అని చదివిన. ఆమె చెయ్యి లేపింది. ఆపమంటుందని నాకు ఎరుకైతే గదా. ఎటువంటి సంబంధమూ లేదు అని చదివిన. ఏమీ కాడు అని చదివిన. నిమిత్తం లేదు అని, తేదీ, ఊరు, మండలం, జిల్లా, అన్నీ చదివి తలెత్తి చూసిన. ఆమె నా దిక్కు చూస్తలేదు. మెట్ల దిక్కు చూస్తున్నది. ఆయన మోచేతి మీద లేచి కూసొని ఉండె. చెంప పోయింది గాని ఆయనకు చెవులు మంచిగనే ఉన్నయి.

ఆమె సంతకం పెట్టింది. పెట్టి, డబ్బా తీసుకొని పోయి పక్కన కూసున్నది. చెంచా నోటి కాడికి తీస్కపోయింది. ఆయన నోరు తెరవలేదు. బ్రదర్, అది ఉత్త కాయితం, మంచం కోసం రాసింది అని చెప్పింది, ఒకటికి పదిసార్లు చెప్పింది. నేనూ పోయిన. మొట్టమొదటిసారి ఆ మెట్లు ఎక్కి, అన్నా, అది ఆఫీసు మాట, ఆమె మాట గాదు, నేనే రాసిన అన్న. ఆయన మా ఇద్దరి దిక్కు చూసిండు. కోపం లేదు కండ్లల్ల, ఉంటే బాగుండు. చెయ్యి లేపి గాలిల ఇటునుంచి అటు తుడిచిండు. తుడిచి షట్టరు దిక్కు తిరిగి పండుకున్నడు. ఆమె పొద్దుమూకేదాంక ఆ చెంచా పట్టుకొని అట్లనే కూసున్నది. జావ మీద మీగడ కట్టింది. అక్క అన్న మాట మళ్ల వినలేదు.

స్టేషన్ల ముద్ర ఆ రాత్రే పడ్డది. శుక్రవారం పొద్దుగాల మా ఆయన ఆటో కడిగి, ఎనుక సీట్ల దుప్పటి పరిచి తీసుకొచ్చిండు. ఆమె మొదటి బస్సుకే దిగింది, కొత్త తువ్వాల తెచ్చింది. ఆయన షట్టరు దిక్కు మొకం పెట్టి అట్లనే ఉన్నడు. ఛాయ హోటలాయన తెల్లారకముందే చూసిండట, లేపుదామని పోతే చల్లగయి ఉన్నడట. ఆమె పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నది. గా పని ఒక రాత్రి ముందు చెయ్యాల్సింది గదా అని ఆమె అనలేదు, నేనే అనుకున్న.

ఆశ్రమానికి ఫోన్ చేసి చెప్పినం. మంచం వేరేటోళ్లకు ఇస్తమన్నరు.

శవాన్ని ఇక్కడి దవాఖానల శవాలుంచే గదికి తెచ్చిన్రు. ఆమె కానిస్టేబులును అడిగింది, మాకు ఇవ్వండి బ్రదర్, మా ప్రార్థన వాళ్లకు కొంచెం స్థలముంది, పెట్టె చేయించి పూడ్చుకుంటాము అని. ఆయన చెడ్డోడు గాదు. ఓపికతోటే చెప్పిండు. "అమ్మా, నాకేం కాడని నిన్ననే గద రాసిచ్చినవ్. మా ముద్రనే ఉన్నది దాని మీద." కాయితం ఆమె సంచిల్నే ఉండె, మడత కూడ నలగలేదు. రక్తసంబంధమోళ్లు వస్తరేమోనని కొన్ని రోజులు చూస్తరట, రాకపోతే మున్సిపాలిటోళ్లే కానిస్తరట. ఎక్కడ, ఎప్పుడు అంటే ఆయనకు తెల్వది. ఏ ప్రార్థనా ఉండది, ఏ పెట్టే ఉండది.

ఆమె గోడకు ఆనుకొని నిలబడ్డది. ఏడుస్తలేదు. కానిస్టేబులు నా దిక్కు తిరిగిండు.

"నువ్వేమైతవ్?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. నోరు తెరిచి ఏం అడగలేదు. అడగనక్కర లేకుండె. ఒక్క మాట, పెదవులు కూడ కలపనక్కరలేని మాట. మొన్న ఫారం మీద ఎంత హుషారుగ రాసిన్నో గసొంటి మాటే. ఆమెను తమ్ముడికి అక్కను చేసినదాన్ని, నన్ను నేను చేసుకోలేనా? నా ఆధార్ ఎవడు చూసిండు, నా ఊరు ఎవడు అడిగిండు. కని ఆ గదిల పంచనామాకొచ్చిన మా మండలాఫీసోళ్లు ఇద్దరున్నరు, నన్ను ఎరిగినోళ్లు. రేపటికెల్లి నా దుకాణం ముందర నలుగురు ఏమనుకుంటరో అన్నది ఒక్కటే నా నెత్తిలకొచ్చింది. దేవుడు రాలేదు, ఆయన రాలేదు, గిరాకి వచ్చింది.

"నేనేం గాను," అన్న. "మెట్ల పక్కన జిరాక్స్ దుకాణం నాది."

కానిస్టేబులు తల ఊపి రాసుకున్నడు. ఏం రాసిండో చదివి వినిపియ్యలేదు. కింద సాక్షి అన్న కాడ వేలు పెట్టి చూపిచ్చి సంతకం పెట్టుమన్నడు. పెట్టిన.